పిల్లల తండ్రి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడు, మనోవర్తి బాకీకి ఇక నీళ్లు వదులుకోవాల్సిందేనా? (వైజాగ్)

కూర్మన్నపాలెం_అమ్మ

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్లు చెప్పండి.

నాకు విడాకులు అయిపోయాయి. పాప ఏడో క్లాసు, బాబు మూడో క్లాసు, ఇద్దరూ నా దగ్గరే ఉంటారు. వైజాగ్ ఫ్యామిలీ కోర్టులో పిల్లలిద్దరికీ కలిపి నెలకు 14,000 మనోవర్తి ఇవ్వాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద ఆర్డరు వచ్చింది. నా కోసం నేనేమీ అడగలేదు, ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్నాను, నా మటుకు గడిచిపోతుంది. మొదట్లో బాగానే వేశాడు, తర్వాత సగం వేశాడు, ఆ తర్వాత లోడు దిగాక వేస్తా, పండగ అయ్యాక వేస్తా అన్నాడు, చివరికి ఫోన్ ఎత్తడమే మానేశాడు. ఏడాది దాటింది పైసా వచ్చి. బాకీ 1,80,000 పైనే.

ఆటోనగర్‌లో ఐరన్ వ్యాపారం ఆయనది, రెండు లారీలు కూడా ఉండేవి. వ్యాపారం దెబ్బతిన్న మాట నిజమే, అది నేను కాదనను, లారీలు ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయారు. పోయిన వారం నాకు కోర్టు నుంచి నోటీసు వచ్చింది, ఐపీ పెట్టాడట. కట్ట విప్పి చూస్తే రెస్పాండెంట్లు 23 మంది, బ్యాంకులు, లారీ ఫైనాన్స్, చీటీల కంపెనీ, సరుకు ఇచ్చిన షాపులవాళ్లు, నేను 19వ నంబరు. నా పేరు ఎదురుగా "మనోవర్తి బాకీ" అని రాసి 1,10,000 వేశాడు. నా పైన 18వ నంబరు ఎవరో తెలుసా, వాళ్ల అక్క భర్త. ప్రామిసరీ నోటు మీద 9 లక్షలు చేబదులు ఇచ్చాడట. ఆ మనిషి ఇంటి అద్దె కట్టడానికే కిందామీదా పడతాడు, 9 లక్షలు ఎక్కడివో దేవుడికే తెలియాలి. ఆఖరి పేజీలో ఆస్తుల పట్టిక ఉంది, అందులో ఒక పాత స్కూటరు, వంట సామాను, బట్టలు, మొత్తం విలువ 12,000 అట. పెందుర్తి వైపు ఒక స్థలం ఉండేది, దాని ఊసే లేదు.

ఇప్పుడు వాళ్ల పెద్దమ్మగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఐపీ అంటే అందరి అప్పులూ కొట్టేస్తారమ్మా, నువ్వూ ఆ లిస్టులో ఉన్నావు గదా, ఏమీ రాకుండా పోయేకంటే 50,000 ఇప్పిస్తాం, పిల్లలకి ఇక ఏమీ అక్కర్లేదని రాసి సంతకం పెట్టెయ్ అంటున్నారు. మా నాన్న కూడా కోర్టుల చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతావు, తీసుకో అంటున్నారు. నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.

నిజంగా ఐపీతో పిల్లల మనోవర్తి కూడా పోతుందా? ఆ కోర్టుకి నేను వెళ్లాలా? ఫ్యామిలీ కోర్టు ఇక ఏమీ చెయ్యలేదా? సంతకం పెట్టమంటారా, వద్దంటారా?

---

పూర్ణామార్కెట్_వ్యాపారి

అమ్మా, నేను అవతలి పక్షంవాణ్ణి, అంటే నా దగ్గర సరుకు తీసుకుని ఒకాయన ఐపీ పెడితే నా డబ్బులు పోయినవాణ్ణి. అనుభవంతో చెప్తున్నా, ఐపీ పెట్టాడంటే ఎగనామం పెట్టాడనే. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది, రిసీవర్ (ఆస్తులు చూసుకోడానికి కోర్టు పెట్టే మనిషి) వస్తాడు, చివరికి మిగిలేది స్కూటరూ గిన్నెలే. 50,000 నగదుగా చేతిలో పెడతానంటే ఆలోచించండి. మా వీధిలో ఇలాగే ఒకావిడ పట్టుబట్టి కూర్చుంది, ఏమీ రాలేదు.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. మా కేసులో ఆ పెద్దమనిషి ముందే భార్యకు విడాకులు ఇచ్చినట్టు కాగితాలు పుట్టించి, మనోవర్తి కింద ఇల్లు ఆవిడ పేర రాసి, ఆ తర్వాత ఐపీ పెట్టాడు, ఇద్దరూ ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారు. అందుకని మిమ్మల్ని కూడా మిగతా 22 మందీ అదే కళ్లతో చూస్తారు. దానికి సిద్ధంగా ఉండండి.

---

ఎంవీపీ_ప్లీడరు

పైన వ్యాపారిగారు చెప్పింది ఆయన బాకీకి సరిపోతుంది, మీ పిల్లల బాకీకి సరిపోదు. రెండూ ఒక గాటన కట్టేవి కావు. సంతకం పెట్టకండి, ముందు ఇది పూర్తిగా చదవండి.

మన దగ్గర మామూలు మనుషుల ఐపీలు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. అది ఎంత పాతదంటే 500 రూపాయల అప్పు ఉంటే చాలు, తీర్చలేనని పిటిషన్ వేసుకోవచ్చని అందులో ఉంటుంది. 2016లో వచ్చిన కొత్త దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగాన్ని ఇంకా అందరికీ అమల్లోకి తేలేదు, కంపెనీలకు పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. ఏ చట్టం తీసుకున్నా మనోవర్తి దగ్గరకు వచ్చేసరికి మాట ఒకటే. పాత చట్టం 44వ సెక్షనులో, దివాలాదారుకు కోర్టు డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విడుదల, ఇచ్చినా కొన్ని బాకీలు మాత్రం ఆయన్ని వదలవని రాసి ఉంది. ప్రభుత్వ బకాయిలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, వాటితో పాటు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488 కింద ఇచ్చిన మనోవర్తి ఆర్డరు. 488 ఏమిటి, నాది 125 కదా అని కంగారు పడకండి, 1898 కోడ్‌లో 488గా ఉన్నదే 1973లో 125 అయింది, 2024 జులై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. నంబరు మారినా పాత చట్టంలోని ఆ మినహాయింపు కొత్త సెక్షనుకూ వర్తిస్తుంది. కొత్త కోడ్‌లో కూడా మనోవర్తిని మాఫీ కాని అప్పుల్లోనే పెట్టారు. అంటే వాళ్ల పెద్దమ్మగారు చెప్తున్న "అందరి అప్పులూ కొట్టేస్తారు" అనేది మీ పిల్లల విషయంలో అబద్ధం. ఆయన రేపు డిశ్చార్జి అయి బయటికొచ్చినా ఈ బాకీ ఆయన నెత్తిన అలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది ఐపీ నోటీసు అందుకోగానే ఆ కేసు తేలేదాకా ఆగుదాం అని కూర్చుంటారు. మీరు అలా కూర్చోడానికి వీల్లేదు. బాకీ పడ్డ నెల నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే ఆ నెల డబ్బుకి 125(3) కింద వారంటు ఇస్తారు. మీకు ఏడాది దాటిందంటున్నారు, అంటే అన్నిటికంటే పాత నెల ఇప్పటికే చేజారింది, ఇంకో నెల ఆగితే ఇంకో 14,000కి వారంటు అడిగే దారి మూసుకుపోతుంది. ఐపీ కేసు ఏళ్లు పడుతుందని వ్యాపారిగారు చెప్పింది నిజమే కదా, ఆయనకు కావాల్సింది కూడా అదే. కాబట్టి మొట్టమొదట ఫ్యామిలీ కోర్టులో ఈపీ, అంటే ఆర్డరు అమలు చేయించమనే పిటిషన్, వేయించండి.

అది వేశాక ఐపీ కేసుకీ వెళ్లండి, వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపేస్తారు, ఆయన రాసిన 1,10,000నే నిజమనుకుంటారు. వకాలత్ వేసి (లాయరుని పెట్టుకుని) కౌంటరు, అంటే మీ జవాబు, వెయ్యాలి. అందులో బాకీ సరైన లెక్క, ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, మీ బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టండి. 18వ నంబరు ప్రోనోటు మీద మీ అనుమానం రాయండి, ఆ అప్పు ఇచ్చినాయన బోనెక్కి డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పాలి, ఆ ప్రశ్న వేసే హక్కు మీకుంది. పెందుర్తి స్థలం సంగతి తప్పకుండా రాయండి, ఆస్తి దాచి అబద్ధపు పట్టిక ఇస్తే ఆ చట్టం 69వ సెక్షను కింద శిక్ష కూడా ఉంది. ఇంకోటి, ఆయన్ని దివాలాదారుగా ప్రకటించాక అరెస్టు కాకుండా ప్రొటెక్షన్ ఆర్డరు అడుగుతాడు. అది అన్ని అప్పులకూ ఇవ్వొచ్చు, కొన్నిటికి మాత్రమే ఇవ్వొచ్చు, 31వ సెక్షనులోనే ఆ మాట ఉంది. మనోవర్తి బాకీని అందులోంచి మినహాయించమని మీ కౌంటరులో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఈ ఒక్క పేరా రాయకే చాలామంది తర్వాత ఇబ్బంది పడతారు.

సంతకం గురించి. పిల్లల తరఫున తల్లి మనోవర్తి వదులుకుంటున్నట్టు రాసినా అది పిల్లల్ని కట్టిపడెయ్యదు, వాళ్ల హక్కు వాళ్లది. కానీ ఆ కాగితం పట్టుకుని ఆయన ప్రతి వాయిదాకీ కోర్టులో ఊపుతాడు, మీకు అదో తలనొప్పి. 50,000 ఇస్తానంటే బాకీలో జమ కింద ఇమ్మనండి, మీ అకౌంట్లో వెయ్యమనండి, ఏ నెలలకో రాసి రసీదు ఇవ్వండి. అంతకు మించి ఒక్క మాట రాయొద్దు.

---

డాలస్_విశాఖవాసి

నేను డాలస్‌లో ఉంటాను, మాది అక్కయ్యపాలెం. ఇక్కడ మా ఫ్రెండు ఒకమ్మాయికి ఇదే వచ్చింది. ఇక్కడ బ్యాంక్రప్సీ పెట్టిన క్షణం నుంచి ఆటోమేటిక్ స్టే అని ఒకటి వస్తుంది, అప్పులవాళ్లెవరూ ఫోన్ కూడా చెయ్యకూడదు. కానీ చైల్డ్ సపోర్టుకి మాత్రం ఆ స్టే నుంచి పెద్ద మినహాయింపులు ఉన్నాయి, జీతంలోంచి కోత ఆగదు. అసలు బాకీ డిశ్చార్జి కాదు. 2005లో చట్టం మార్చాక ఆస్తి అమ్మిన డబ్బులో ఈ బాకీలను వరసలో మొదటి స్థానంలో పెట్టారు, క్రెడిట్ కార్డులవాళ్లకంటే, ట్యాక్సులకంటే కూడా ముందు. చాప్టర్ 13 (వాయిదాల్లో కట్టే రకం దివాలా) అయితే మూడు నుంచి ఐదేళ్ల ప్లాన్ ఇస్తారు, అందులో పాత బాకీ మొత్తం మామూలుగా పూర్తిగా కట్టాలి, ఆ ఐదేళ్లూ నెలనెలా వచ్చే సపోర్టు కూడా తప్పకుండా కట్టాలి, కట్టకపోతే డిశ్చార్జే ఇవ్వరు. మా ఫ్రెండుకి ట్రస్టీ నుంచి ఉత్తరం వచ్చింది, నీ హక్కులు ఇవీ, నీకు సాయం చేసే ఏజెన్సీ ఇదీ అని.

మన దగ్గర కూడా అంతేననుకుంటా, ఐపీ పెట్టగానే స్టే వస్తుంది కాబట్టి ముందు ఆ కోర్టు పర్మిషన్ తీసుకుని తర్వాత ఫ్యామిలీ కోర్టుకి వెళ్లడం సేఫ్ ఏమో.

---

ఎంవీపీ_ప్లీడరు

డాలస్ మిత్రులకు, మీ అమెరికా సంగతులు సరిగ్గానే చెప్పారు, చివరి ముక్క మాత్రం ఇక్కడ వర్తించదు, ఆవిడ అది చదివి ఆగిపోతే నష్టం కాబట్టి వెంటనే రాస్తున్నా. మన 1920 చట్టంలో పిటిషన్ వేసినంత మాత్రాన స్టే రాదు. కోర్టు విచారించి "ఇతను దివాలాదారు" అని ప్రకటించాక, అప్పుడు 28వ సెక్షను కింద ఆస్తి కోర్టుకో రిసీవరుకో వెళ్తుంది, ఆ తర్వాత ఆస్తి మీద పడాలంటే అప్పులవాళ్లు ఆ కోర్టు అనుమతి తీసుకోవాలి. మన దగ్గర పిటిషనుకీ ప్రకటనకీ మధ్య బోలెడు వాయిదాలు నడుస్తాయి. ఆ కాలమంతా ఫ్యామిలీ కోర్టు తలుపు తెరిచే ఉంది. ప్రకటించిన తర్వాత కూడా మూసుకుపోదు, ఆస్తి జప్తుకి మాత్రం అనుమతి అడగాల్సి వస్తుంది.

అమెరికాలోలాగా వరసలో మొదటి స్థానం మన పాత చట్టంలో లేదు, 61వ సెక్షనులో ప్రభుత్వ బకాయిలకీ పనివాళ్ల జీతాలకీ ఉంది గాని మనోవర్తికి లేదు. అది లోపమే. అయితే 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక వ్యాపారి కేసులో, భార్యాపిల్లల మనోవర్తి హక్కు బ్యాంకులూ ఇతర రుణదాతల హక్కులకంటే పైది, బాకీ ముందు కట్టాల్సిందే, కట్టకపోతే ఆస్తి వేలం వేసైనా ఇప్పించండి అని చెప్పింది. ఆ ఆర్డరు కాపీ మీ లాయరుతో రెండు కోర్టుల్లోనూ వేయించండి. బ్యాంకులవాళ్ల లాయర్లు ఊరుకోరు, అడ్డం చెప్తారు, చెప్పనివ్వండి.

---

సీతమ్మధార_టీచర్

చెల్లీ, ప్లీడరుగారు చట్టం చెప్పారు, నేను వారంటు సంగతి చెప్తాను, ఎందుకంటే మా అక్క కేసులో నేను వెంట తిరిగాను.

ఈపీ వేశాక నోటీసు వెళ్తుంది, రాడు. తర్వాత వారంటు ఇస్తారు. వారంటు ఇచ్చారని ఇంటికొచ్చి పడుకోకు, అది కోర్టు నుంచి స్టేషనుకి వెళ్లిందో లేదో కనుక్కో, వెళ్లాక ఏ కానిస్టేబులు చేతిలో ఉందో కనుక్కో. లేకపోతే "ఇంటికి తాళం వేసి ఉంది, ఆచూకీ తెలియలేదు" అని రాసి తిరిగి పంపేస్తారు, మళ్లీ వాయిదా. మా బావగారి ఆచూకీ లేదని పోలీసులు రెండు సార్లు రాశారు, ఆ మనిషి రోజూ సాయంత్రం అదే సెంటర్లో టీ తాగుతూ కూర్చునేవాడు. మేం చివరికి ఒక కాగితం మీద ఆయన పొద్దున ఎక్కడుంటాడు, సాయంత్రం ఎక్కడుంటాడు, బండి నంబరు, తమ్ముడి ఇల్లు, అన్నీ రాసి, ఒక ఫొటో అంటించి ఇచ్చాం. ఆ తర్వాత వారంలోనే తెచ్చారు.

చిత్రం ఏమిటంటే పైసా లేదన్న మనిషికి, కోర్టు హాల్లో జడ్జిగారు జైలు అనే మాట అనేసరికి, బయట మెట్ల దగ్గర నిలబడ్డ తమ్ముడి జేబులోంచి 40,000 వచ్చాయి. కట్ట రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు, ముందే లెక్కపెట్టి తెచ్చుకున్నారన్నమాట.

ఒక నెల బాకీకి ఒక నెల దాకా జైలు వెయ్యొచ్చు. జైలుకి వెళ్లొస్తే బాకీ చెల్లు అని ఆయన వైపువాళ్లు అంటారు, మాతోనూ అన్నారు. చెల్లదు. 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది, జైలు అనేది డబ్బు రాబట్టే మార్గమే గాని డబ్బుకి బదులు కాదని. మా లాయరమ్మ ఆ జడ్జిమెంటు ఫైల్లో పెట్టుకునే తిరిగేది.

నాన్నగారి మీద కోపం తెచ్చుకోకు, మా నాన్నా అలాగే అన్నారు. పెద్దవాళ్లకు కోర్టంటే పరువు పోయినట్టు ఉంటుంది. పిల్లల స్కూలు ఫీజు రసీదులు ఆయన ముందు పెట్టు, ఆయనే మెత్తబడతారు.

---

కూర్మన్నపాలెం_అమ్మ

మీ అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ప్లీడరుగారూ, మీరు రాసింది ప్రింటు తీసుకుని మా నాన్నకి చదివి వినిపించాను, ఆయన ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ ఆ కాగితం అడిగి తీసుకున్నారు.

వ్యాపారిగారూ, మీ మీద నాకేం కోపం లేదండి, మీ డబ్బూ కష్టార్జితమే. కానీ నాకు ఇల్లు రాయలేదు, స్థలం రాయలేదు, మా విడాకులు నిజం విడాకులే, ఆయన రెండో పెళ్లి కూడా చేసుకున్నాడు.

కొన్ని డౌట్లు. ఇప్పుడు లాయరుకి ఇచ్చేంత డబ్బు లేదు, పాత లాయరుగారు ఐపీ కేసు వేరు, ఫీజు వేరు అన్నారు. రెండోది, ఆయన ఇప్పుడు ఫార్మాసిటీ వైపు ఏదో కంపెనీలో సూపర్‌వైజరుగా చేరాడని విన్నాను, ఆ జీతం మీద ఏమైనా అడగొచ్చా? ఇంకోటి, వ్యాపారం పోయింది కాబట్టి 14,000 తగ్గించమని పిటిషన్ వేస్తాడట, తగ్గించేస్తారా?

---

ఎంవీపీ_ప్లీడరు

ఫీజు గురించి: ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టప్రకారం హక్కు, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షను. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లి ఒక దరఖాస్తు ఇవ్వండి, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఉచితం అనగానే ఎవరో కుర్ర లాయరుని ఇస్తారని చిన్నచూపు వద్దు, సీనియర్లమని తిరిగే మాకంటే శ్రద్ధగా పనిచేసేవాళ్లు అక్కడ ఉన్నారు.

జీతం ఉంటే అది మీకు దొరికిన మంచి కబురు. మామూలు అప్పులకైతే జీతంలో మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మనోవర్తి డిక్రీకి మాత్రం మూడో వంతే ఆయనకు వదిలి మిగతా రెండు వంతుల దాకా జప్తు చేయొచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షనులోనే ఉంది. కంపెనీ పేరు, అడ్రసు, ఆయన ఏ పేరుతో ఏ పోస్టులో ఉన్నాడో కనుక్కుని ఈపీలో రాయండి. "చేరాడని విన్నాను" అంటే కోర్టులో పనికిరాదు. రాజ్‌నేష్ వర్సెస్ నేహా అని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఆ తర్వాత నుంచి మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులూ ఆదాయమూ అఫిడవిట్ మీద చెప్పాలి. ఆయన తగ్గించమని వేస్తే, ఆ అఫిడవిట్ ఆయనే ఇవ్వాలి. ఐపీలో చెప్పిన ఆస్తులకీ ఇక్కడ చెప్పేదానికీ తేడా వస్తే చిక్కేది ఆయనే.

తగ్గిస్తారా అంటే, పరిస్థితి మారిందని రుజువు చేస్తే కొంత తగ్గించే అధికారం కోర్టుకి ఉంది, అది కాదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ అది మారిన పరిస్థితిని చూసి ఇకమీదట ఇవ్వాల్సినదాని గురించే, పేరుకుపోయిన 1,80,000ని తుడిచిపెట్టే దారి కాదు. వ్యాపారం పోయిందన్న ఒక్క మాటతోనూ పని జరగదు, ఒంట్లో సత్తువ ఉన్న మగాడు కూలిపని చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో కూడా సుప్రీంకోర్టు అంది.

---

పూర్ణామార్కెట్_వ్యాపారి

అమ్మా, నేను అన్నమాట మీకు తగిలింటే వదిలెయ్యండి, రెండో పెళ్లి అంటున్నారు కాబట్టి ఇక ఆ అనుమానానికి తావు లేదు. ఆ పెళ్లి ఫొటో ఒకటి కౌంటరుకి జత చెయ్యండి, మిగతా అప్పులవాళ్ల నోళ్లు మూతపడతాయి.

పెందుర్తి స్థలం సంగతి నేను చెప్తా, ఇది ప్లీడర్లకంటే మాకు బాగా తెలుసు. సర్వే నంబరో డాక్యుమెంటు నంబరో ఉంటే మీసేవలో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్) తీయించండి. ఇలాంటివాళ్లు అమ్మరు, అమ్మితే డబ్బు ఎక్కడుందని అడుగుతారు కాబట్టి అమ్మ పేరో అన్న పేరో గిఫ్టు రాస్తారు. మా కేసులో అలాగే దొరికింది.

---

కూర్మన్నపాలెం_అమ్మ

వ్యాపారిగారూ, మీ నోట్లో చక్కెర పొయ్యాలి. పాత బీరువాలో ఆ స్థలం జిరాక్సు ఉంది, దాంతో ఈసీ తీయించాను. వాళ్ల అమ్మగారి పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ డీడ్, ఐపీ వెయ్యడానికి ఎనిమిది నెలల ముందు రిజిస్టర్ అయింది. ఈసీలో ఆ లైను చూడగానే చేతులు వణికాయి. అప్పటికి పాప స్కూల్లో ఫీజు కట్టలేదని ఎగ్జాం హాలు బయట నిలబెట్టారు, అదే నెల.

న్యాయసేవ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను, లాయరుని కేటాయించారు, ఈపీ ఈ వారంలో వేస్తామన్నారు. ఈ గిఫ్టు విషయం ఎక్కడ చెప్పాలి, ఫ్యామిలీ కోర్టులోనా, ఐపీ కోర్టులోనా?

---

ఎంవీపీ_ప్లీడరు

రెండు చోట్లా చెప్పండి. ఐపీ వెయ్యడానికి రెండేళ్లలోపు ఊరికే రాసిచ్చిన ఆస్తి అయితే, ఆయన్ని దివాలాదారుగా ప్రకటించాక ఆ డీడుని 53వ సెక్షను కింద రద్దు చేయించొచ్చు. పిటిషన్ వెయ్యాల్సింది రిసీవరు, ఆయన కదలకపోతే బాకీ రుజువు చేసుకున్న అప్పులవాళ్లు కోర్టు అనుమతితో తామే వెయ్యొచ్చు. అందుకే మీ బాకీని ఆ కోర్టులో అఫిడవిట్‌తో రుజువు చేసుకోవడం ముఖ్యం. ఇప్పటికి కౌంటరులో డీడు నంబరు, తేదీ రాసి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చి పెట్టండి, జిరాక్సు చాలదు. ఫ్యామిలీ కోర్టులో మాత్రం ఆయన దగ్గర ఆస్తి ఉండీ దాచాడని చూపించడానికి అదే కాగితం వాడండి, వారంటు దగ్గర జడ్జిగారి మనసులో ఉండాల్సింది అదే.

ఆ డీడు రద్దయితే స్థలం మొత్తం మీకే వస్తుందనుకోకండి, అది అందరి వాటాలోకి వెళ్తుంది, అక్కడ మీ లాయరు ఆ 2024 ఆర్డరు పట్టుకుని ముందు వరస కోసం వాదించాలి.

---

పూర్ణామార్కెట్_వ్యాపారి

ఆ డీడు నంబరు మిగతా అప్పులవాళ్లకీ చెప్పండి అమ్మా. నోటీసులో అందరి అడ్రసులూ ఉంటాయి, సరుకు ఇచ్చిన షాపులవాళ్లు ఆటోనగర్‌లోనే దొరుకుతారు. వాళ్లకీ ఆ స్థలం బయటికి రావడమే కావాలి, ఆ పిటిషన్ ఖర్చు వాళ్లు పెట్టుకుంటారు.

---

ఎంవీపీ_ప్లీడరు

చెప్పండి, మంచిదే. ఈపీ నంబరు పడ్డాక చెప్పండి.